కంచె విప్పిన మెట్ట

మెళియాపుట్టి మెట్టకి కంచె కట్టించింది నేనే.
మూడేళ్లు ఏ మూతీ తగల్లేదు.
బోదగడ్డి నడుమెత్తు లేచి
కింద దేన్నీ బతకనివ్వలేదు.
నా ఇనుప చదరంలో లెక్క: నాలుగు రకాలు.

"దువ్వెన తగలని జుట్టునాగ అయిపోనాది బావూ"
అంది గొర్రెల తవిటమ్మ.
సగం నమ్మకంతో విప్పించాను.

నూటపది గొర్రెలు, కాసిని మేకలు.
రెండు రాత్రులొకచోట మంద,
మళ్లీ ఏడాది దాకా అటు కన్నెత్తరు.

రెండు వానలు పోయాక, అదే చదరంలో
నేల ఉసిరి, విష్ణుక్రాంత, పల్లేరు...
పదమూడు రాశాను.
గిట్ట దిగిన గుంట అంచున
ఊదా పువ్వొకటి, నా పుస్తకంలో లేనిది.

"దీని పేరేంటి?"
వంగి చూసింది.
"మాయమ్మ సెప్పీది. మర్సిపోనాను."

ఈలోగా మేకొకటి దాన్ని కొరికేసింది.
పద్నాలుగో గడి
ఖాళీగానే ఉంచాను.