కంపలో సందు

ఉరవకొండలో కరెంటు వచ్చేసరికి పదిన్నర.
కంప్యూటరు లేస్తూనే అడిగింది:
కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకోవాల్నా?
వేసుకో అన్నా. టీ ఇంకా రాలేదు.

పోయిన ఉగాదికి ముందు
వన్నూరమ్మ వచ్చి, తలుపు దగ్గరికేసి,
రొమ్ములో గడ్డకు అనంతపురంలో ఎంతవుతుందో
చూడమనింది. చూసి చెప్పినా.
మరుసటి రోజు
హాల్‌టికెట్టుకొచ్చిన పిల్లోళ్లకు,
పింఛను కాగితానికొచ్చిన వాళ్ల మామకు,
తెర వారన అదే ఆసుపత్రి, అదే గడ్డ.
ఆయన అద్దాలు సర్దుకొని
“నిన్న మా కోడలు ఈ పక్కకొచ్చిండె గదా” అన్నాడు.
నేను నోరిప్పలేదు. తెర ఊరుకోలేదు.

ఆ రాత్రే వేసినా ఈ కంప.

మా నాయన శెనక్కాయ చేనికాడ కావలి పండుకునేవాడు.
పందులు నిన్నటి సందులో రావు.
తెల్లారి అడుగులు చూసి
కొత్త సందులో ముండ్లు కుక్కేవాడు.
ఎన్నాళ్లంటే, పంట ఇల్లు చేరేదాకా అనేవాడు.
ఈ చేన్లో పంట ఇల్లు చేరేది లేదు.

ఈ తూరి, పేర్లు మార్చుకొని తిరిగే పదకొండు జాడగాళ్లను
పట్టుకున్యారంట,
ఎవరో, ఏ ఊర్లోనో, నిద్ర మానుకొని.
అడంగల్ పేజీ మాత్రం తెరుచుకోలేదు.
దానికోసమని ఒక సందు నేనే తీసినా.
మూసినానో లేదో అని
ఇంటికి పోయినదాన్ని మళ్లీ వచ్చినా.

నిన్న సంతలో వన్నూరమ్మ కనపడింది.
గడ్డ కాదంట, ఉత్త కొవ్వంట.
“మా మామకు ఎట్ల తెలిసిందో” అంటా
టమోటాలు ఏరడం ఆపి
నా మొగం చూసింది.