థర్మాకోల్ బురుజు

బెంగుళూరులో రాజుగారి కోట పక్కనే
రాత్రికి రాత్రి ఇంకో కోట కట్టే పని మాది.
సాయంత్రం ఆరుకు లారీ వస్తుంది.
స్తంభాలు పదహారు, ఏనుగులు రెండు.
ఒకదానికి దంతం లేదు,
పోయిన పెళ్ళిలో ఎవరి పిల్లోడో ఊడబెరికినాడు.

గోరంట్ల నుంచి వచ్చినోళ్ళం ఆరుమందిమి.
మేస్త్రీ చెంగప్ప రంగు కలుపుతాడు.
తెల్లటి థర్మాకోల్‌కు బూడిద, దాని మీద పచ్చ.
"పాచి పట్టినట్టుండల్లరా,
కొత్తగా కనపడితే డబ్బున్నోళ్ళు ఒప్పుకోరు."
నేను స్పాంజితో అద్దుతా.
నిమిషానికి పాతికేండ్ల లెక్కన
గోడకు వయసు పోస్తా.

చెట్ల అవతల అసలుది నిలబడి ఉంటుంది.
టిక్కెట్టు కొని చూసొచ్చినాడు ఒకసారి మా కదిరప్ప.
"ఏనుగు కాలు నరికి పీట చేసినారన్నా,
కూచోబుద్ధి కాలే."
కూచోనిస్తే గదరా, అని మేస్త్రీ నవ్వినాడు.

గేటు కాడ వాచ్‌మన్ దొరెస్వామికి కథంతా నోటికొచ్చు.
మొదట ఎవరో బడిపంతులు దొరదంట ఈ చోటు.
బడిపంతులికి ఇంతా, అని మేం నోరు తెరిస్తే
"ఆ జీతాలు వేరప్పా" అని బీడీ ముట్టించినాడు.
తర్వాత మైసూరు రాజు పేరున కొన్నారంట.
బురుజులు మాత్రం సీమలో కోటల్ని చూసి కట్టినవంట.

అంటే అదీ నకలే.
నకలు పక్కన నకలు నిలబెట్టి
రోజుకు తొమ్మిదొందలు తీసుకుంటున్నాం.

ఈ నేలకు అన్నీ అలవాటే.
మొన్న పరుపుల ఎగ్జిబిషన్,
నిన్న ఇంగ్లీషు పాటల కచేరీ,
డప్పు కొట్టినప్పుడల్లా నా కడుపులో అన్నం కదిలింది.
గుర్రాలు తిరిగిన చోట
జనరేటర్ రాత్రంతా సకిలిస్తా ఉంటుంది.

పోయిన ఆదివారం ముహూర్తానికి గంట ముందు వాన.
మామూలు వాన కాదు, బకెట్టుతో గుమ్మరించినట్టు.
గాలికి ఎడమ బురుజు లేచి
తిన్నగా జిలేబీల మీద పడింది.
పట్టుచీరలు నెత్తిన కుర్చీలు పెట్టుకుని ఉరికినాయి.
పెండ్లికొడుకు తాత మొండి ఏనుగు కడుపు కింద దూరినాడు.
పెండ్లికూతురొక్కతే నవ్వింది,
జిలేబీ ఒకటి తీసి, దులిపి, తినింది.

నేనద్దిన మూడొందల ఏండ్లు
పచ్చగా కారి
నా చెప్పుల మీదికి వచ్చినాయి.

మెరుపు మెరిసినప్పుడు అటు చూసినా.
అసలు కోట నల్లగా తడుస్తా ఉంది.
లోపల ఏం కారిందో, ఎవరు తుడిచినారో
మాకు తెలీదు.

తెల్లారి చెత్తబండి రాకముందే
విరిగిన బురుజు కొస ఎత్తుకొచ్చుకున్నా.
తలకిందులు చేస్తే గంపలాగుంది.
హెబ్బాళలో, మా రేకుల గదిలో
గంగులమ్మ దాంట్లో ఎర్రగడ్డలు పోసింది.
"ఏం రంగయ్యా ఇది, గడ్డలన్నీ పచ్చగైతాండాయ్" అంటా
ఒక్కోదాన్నీ కొంగుతో తుడుస్తాంది.

చెంగప్ప ఫోను.
ఎల్లుండి ఇంకో పెండ్లంట.
ఏనుగుకు దంతం చేసి తెమ్మన్నాడు.