తట్టి చూడటం

నామ్‌సోస్ ఆసుపత్రిలో నా నడుముకి
ఒకే వారంలో రెండు జాతకాలు రాశారు.

మొదటిది పాత యంత్రం రాసింది.
మోకాళ్ల కింద స్పాంజి దిమ్మ పెట్టి పడుకోబెడితే
పైనుంచి ఓ ఇనప చెయ్యి
నిద్రపోయేవాళ్లని లేపకూడదన్నట్టు నెమ్మదిగా సాగిపోయింది.
మైనస్ ఒకటి పాయింట్ మూడు.
"డెబ్బై ఒకటికి మంచి ఎముకే" అంది నర్సు.

రెండోది ట్రోన్‌హైమ్ నుంచి వ్యానులో వచ్చిన కొత్తది.
ఎక్స్‌రే లేదు. చల్లటి జెల్లు,
పొట్ట మీద ఒత్తిపట్టిన చిన్న పిడి.
అది ఎముకని చూడదట, వింటుందట.
మైనస్ రెండు పాయింట్ ఎనిమిది.
వ్యాను కుర్రాడు ఆ అంకెని
ఇంట్లో ఎవరో పోయినట్టు మెల్లిగా చెప్పాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను వంతెనల్ని విన్నదాన్ని.
తాడుకి వేలాడుతూ, ఉప్పుగాలి తిన్న కాంక్రీటుని
సుత్తితో తట్టుకుంటూ పోయేదాన్ని.
గట్టి చోట ఖంగుమంటుంది.
డొల్ల చోట, మూసిన తలుపు వెనక
ఎవరో దగ్గు ఆపుకున్నట్టుంటుంది.
పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.
అందుకే, వినే యంత్రం అనగానే
మా కులం పిల్ల దొరికినంత సంబరం నాకు.

డాక్టర్ ఐలర్ట్ స్కోగ్మో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
పాత కాగితం మీద వేలు పెట్టాడు.
"దీని వెనక ఎన్నో ఏళ్ల విరిగిన తుంట్లున్నాయి, రాగ్న్‌ఫ్రిడ్.
ఎవరు పడ్డారు, ఎవరు మళ్లీ లేవలేదు,
ఏ మందు ఎవరిని నిలబెట్టింది, అన్నీ ఈ అంకెతోనే కొలిచారు.
దాని వెనక ఏముంది?
కాసిన్ని పరిశోధనలు, చాలా కరపత్రాలు."

నాకు ఒళ్లు మండింది.
"నా వెన్ను మీద మొలిచిన ముళ్లు,
అరిగిన కీళ్ల చుట్టూ పేరుకున్న సున్నం,
అన్నీ కలిపి తూచి బాగుందంటోంది మీ యంత్రం.
తుప్పుని కూడా ఇనుము కింద తూచే కాటా అది."

"కావచ్చు" అన్నాడు.
ఆ ఒక్క మాటకి నా కోపం కాలు జారింది.

సింద్రె గుర్తొచ్చాడు.
వానలో, గొడుగు తనకి కాకుండా రాడార్ పెట్టెకి పట్టి,
మూడో స్తంభం డొల్ల, ఆరోదీ డొల్ల అన్నాడు.
"పది చలికాలాలు చూసి రా" అన్నాను.
సంతకం పెట్టలేదు.
తరవాత పగలగొట్టి చూస్తే
మూడోది డొల్లే. ఆరోది రాయి.
ఈ రెండిట్లో ఏది ఎక్కువ గుర్తుంచుకోవాలో
నాకిప్పటికీ తెలీదు.

"ఆ మణికట్టు?" అన్నాడు స్కోగ్మో,
నా చొక్కా గుండీ నేను పెట్టుకోలేకపోవడం చూసి.
"ఫిబ్రవరిలో. పోస్టు డబ్బా దగ్గర."
"మంచు మీద జారారా?"
"లేదు. కరెంటు బిల్లు కింద పడితే వంగాను.
నిలుచున్న చోటే కూలబడ్డాను, అంతే."
"ఎవరూ రాసుకోలేదా?"
"కట్టు కట్టి పంపేశారు."

కలం కింద పెట్టాడు.
చాలాసేపు కిటికీలోంచి పార్కింగు వైపు చూశాడు.
"రెండు యంత్రాలకన్నా ముందే
మీ ఎముక వచ్చి సాక్ష్యం చెప్పిపోయింది" అన్నాడు.
"మేం పేరు కూడా అడగలేదు."

మందు రాశాడు.
కొత్త కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు, పారెయ్యలేదు,
అట్ట వెనక క్లిప్పుతో తగిలించాడు.
"పది చలికాలాలు చూద్దాం."
నేను సింద్రెకి చెప్పిన మాట ఇతనికెలా తెలిసిందో!
అప్పటికి నాకు ఎనభై ఒకటి.

ఇంటికి నడిచే దారిలో, వంతెన మీద,
కట్టు విప్పిన చేత్తో
రెయిలింగుని వేలికణుపుతో తట్టాను. అలవాటు.
సరిగ్గా అప్పుడే దుంగల లారీ వెళ్లింది,
ఏమందో వినపడలేదు.

మళ్లీ తట్టాను.