కవరులో నలభై

బేకర్స్‌ఫీల్డ్ ఆసుపత్రి లాండ్రీలో
నలుగురం ఒకే బల్ల చుట్టూ దుప్పట్లు మడుస్తాం.
ఏడాదికోసారి మాకూ మడత విప్పుకోవాలనిపిస్తుంది.
ఆగస్టులో గదులు చవక,
ఎందుకంటే ఆగస్టులో లాఫ్లిన్‌కి
మతి ఉన్నవాళ్లెవరూ రారు.

ఎర్నెస్టీన్ దగ్గర ఉంటాయి కవర్లు.
మనిషికి రోజుకి నలభై డాలర్లు,
పేరు రాసి, జిగురంటించి.
పొద్దున తొమ్మిదికి ఇస్తుంది, నిమిషం ముందివ్వదు.
"రేపటిది ఇవాళ ఇవ్వవే" అని వెల్డా కాళ్లావేళ్లా పడితే
"రేపు రానీ, దాన్నే అడుగు" అంటుంది.

బస్సులో ఆరు గంటలు.
ఉడకబెట్టిన గుడ్లు, ఓఫీలియా
మొక్కజొన్న ఆకుల్లో చుట్టి తెచ్చిన టమాలేలు.
మొజావీ ఎడారి కిటికీకి అతుక్కుని
మా తిండి వంకే చూస్తూ వచ్చింది.

గది ఇరవై తొమ్మిదన్నారు ఫోన్లో.
కౌంటర్ దగ్గర ఇంకో ఇరవై ఆరు కలిపి
రిసార్ట్ ఫీజన్నారు.
"రిసార్టెక్కడ?" అంది వెల్డా,
నిజంగా తెలుసుకోవాలన్నట్టు.
కుర్రాడు బొటనవేలితో వెనక్కి చూపించాడు: నది.
నదికి అద్దె కట్టి లిఫ్టెక్కాం.

గదిలో అడుగుపెట్టగానే నలుగురం చేసిన పని
దుప్పటి ఎత్తి మడత చూడడం.
"మూల కుదర్లేదు" అంది సోఖా.
"ఒక్కతే మడిచింది పాపం" అన్నాన్నేను.
రెండో మనిషి లేక
ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టి మడిచిన గుడ్డని
మేం చీకట్లో తడిమి చెప్పగలం.

కింద హాల్లో గడియారం లేదు.
ఇప్పుడు నాణేలూ లేవు.
కాగితం లోపలికి పోతుంది, చీటీ బయటికొస్తుంది,
డబ్బు రాలుతున్న గలగల మాత్రం
రికార్డు చేసి పెట్టుకున్నారు,
పోయినవాళ్ల గొంతు
ఫోన్లో దాచుకున్నట్టు.

నేను పెన్నీ మిషన్ ముందు కూర్చుంటాను.
పేరుకే పెన్నీ, నొక్కుకి నలభై మింగుతుంది.
అందుకే నొక్కుకీ నొక్కుకీ మధ్య
మంచినీళ్లు తాగుతాను,
పక్కావిడ చెప్పుల ఖరీదు అంచనా వేస్తాను.
నలభై డాలర్లు నాలుగు గంటలు రావాలి.
గంటకి పది.
లాండ్రీలో చేరినప్పుడు నా గంట ఖరీదు ఆరున్నర.

వెల్డాకి ఈ లెక్కలు పట్టవు.
పదకొండు కాకుండానే ఖాళీ కవరుతో విసురుకుంటూ వచ్చి
నా మిషన్‌కి సలహాలిస్తుంది.

రెండో రాత్రి సోఖాకి తగిలింది.
నూట పద్దెనిమిది.
అరవలేదు. చీటీని దిండు గలీబులా
మూడు మడతలు వేసి జేబులో పెట్టుకుంది.
"బఫే!" అంది వెల్డా.
"రొయ్యలు!" అంది ఓఫీలియా.
ఎర్నెస్టీన్ ఖజానా చెయ్యి చాపింది.
సోఖా ఏమీ వినపడనట్టు నదివైపు నడిచింది,
వెనకే మేమూ.

అర్ధరాత్రయినా
డ్రయ్యర్ తలుపు తీసినట్టు గాలి.
మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టాం.
ఎంత చలవంటే, ఎర్నెస్టీన్ నోట బూతొచ్చింది,
పందొమ్మిదేళ్ల స్నేహంలో మొదటిసారి.
అవతలి ఒడ్డు అరిజోనా.
చలికాలం వాళ్ల టైము మనకన్నా గంట ముందట,
వేసవిలో ఇద్దరిదీ ఒకటేనట.
"మరి ఆ గంటని ఎవరు గెలుచుకున్నట్టు?" అంది వెల్డా.
ఎవరికీ తెలీదు.
ఇంకాసేపు కూర్చున్నాం,
ఫీజు కట్టాం కదా.

ఆఖరి పొద్దున మంచాలు మేమే విప్పాం.
నలుగురం నాలుగు కొసలు పట్టుకుని
మాసిన దుప్పట్లు కూడా మడిచి పెట్టాం.
సోఖా ఏదో మర్చిపోయానని మళ్లీ గదిలోకెళ్లింది.

బస్సు కదిలాక
ఎర్నెస్టీన్ లెక్కల పుస్తకం తీసింది.
"నీ నూట పద్దెనిమిది?"
"పోయాయి."
"ఏ మిషన్లో?"
"నాలుగో అంతస్తులో."
నాలుగో అంతస్తులో మా గది తప్ప,
మంచు గడ్డల పెట్టె తప్ప ఏమీ లేవు.

పెన్సిలు కాసేపు గాల్లో ఆగింది.
తర్వాత, ఆటలో నష్టం అని రాసి
కింద గీత గీసింది.

వెల్డా సంచి బిగించి పట్టుకుని నిద్రపోతోంది.
మలుపు వచ్చినప్పుడల్లా
లోపల పదకొండు షాంపూ సీసాలు
గలగలమంటున్నాయి.