వేలెడు సందు

పుంటా అరేనాస్‌లో గాలి
తలుపు తట్టి రాదు.
పీతల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
మూడుసార్లు కడిగినా వాసన పోని చేతులతో
రాయెన్ ఆట తెరిచింది.

ఆటలో తను నెరిసిన గడ్డపు జాలరి.
నిన్న మైకు జారి
ఒక్క దగ్గు వినబడింది.
"ఓహో, ఆడమనిషివా!"
ఆపైన నలభై ఒక్క సందేశాలు.
ఒకడైతే వీధి పేరు అడిగాడు.
గోడలకి చెవులే అనుకుంది ఇన్నాళ్లూ,
నోళ్లు కూడా ఉన్నాయి.

ఈ రాత్రి గడి గడికీ గడియ వేస్తోంది.
గొంతు, మూత.
ఉన్నా లేనట్టే చూపించు.
కొత్తవాళ్ల పిలుపులొద్దు.
ఇంటి తలుపుకి ఒక్కటే గొళ్ళెం,
దీనికి పదకొండు.

"నీ రేవుకి ఎవరు రావచ్చు?"
వేలు ఆగింది.
తెల్లారుజామున ఒక కొంగ బొమ్మ వస్తుంది.
అతనో, ఆమో.
పక్కనే గాలం వేసి
మాటైనా లేకుండా కూర్చుంటుంది.
ఒకసారి తనకి పడిన చేపని
ఈమె బుట్ట పక్కన పెట్టి పోయింది.

'ఎవరూ వద్దు' నొక్కింది.
టీకి నీళ్లు పెట్టింది.
అవి మరగకముందే తిరిగొచ్చి
ఆ ఒక్క పేరుకి
రెక్క వేలెడు తీసింది.

కాసింత గాలి కూడా వచ్చింది.