టోపీ పెట్టుకున్న సున్న

ఆబిడ్స్‌ల ఆదివారం. మూసిన షట్టర్ల ముంగట
నీలి టార్పాలిన్ మీద పుస్తకాలన్నీ వెల్లకిల పండుకున్నయి.
ఇంటర్ గైడ్ల కింద, కుట్టు డిజైన్ల పుస్తకం పక్కన
గులాబి అట్ట. మూడో భాగం.
ఒకటి లేదు, రెండు లేదు.
"ఇదేం భాష?" అనడిగితే
"తస్వీర్లున్నయ్ గద బేటీ, ఇంక భాషెందుకు?" అన్నడు చాచా.
నలభై చెప్పిండు. రుఖయ్య ఇరవై ఐదుకు దించింది.
బస్సు పైసలు అండ్లనే పోయినయి,
మెట్టుగూడ దాకా నడిచొచ్చినం.

రైల్వే క్వార్టర్ మిద్దె మీద, నీళ్ల ట్యాంకు నీడల
రాకుమారుడు బయటపడ్డడు.
గడ్డం సూది. నడుము ఉన్నట్టా లేనట్టా.
గదికి కిటికీ లేదు, ఫ్యాను లేదు,
అయినా జుట్టు ఎగురుతనే ఉన్నది.
గాలిరాజు అని పేరు పెట్టినం.
ఆ పిల్ల ఒక్కో కంట్ల ఏడేసి సుక్కలు,
రుఖయ్య వేలు పెట్టి లెక్కించింది.
గందుకని సుక్కమ్మ.

ఎవరన్న "అందంగున్నవ్" అంటే చాలు
గాలిరాజు కోడిపుంజు అయితడు.
ఇది బొమ్మల్లనే తెలిసింది:
ఒక పేజీల సిగ్గు, ఇంకో పేజీల తురాయి,
మూడో పేజీల సుక్కమ్మ చంకల కోడి, మోగుతున్న బడిగంట.
ఎందుకైతడో తెల్వదు.
ఆ కారణం రెండో భాగంల ఉండె.

బుడగలల్ల వాళ్ల అక్షరాలు
కర్రలు, డబ్బాలు, విరిగిన కుర్చీలు,
మాటిమాటికి ఒక టోపీ పెట్టుకున్న సున్న.
వాటి పక్కన పెన్సిల్‌తో మేం రాసినం.
కోడి: "చికెన్ సెంటర్ ముంగట్నుంచి తీస్కపోకు తల్లీ."
సుక్కమ్మ: "గమ్మున కూసో. మా నాయన సంచి పట్కొని బయల్దేరిండు."
మబ్బుల కోట నుంచి రథం దిగితే
సారథి మీటరు మీద ఇరవై అడిగిండు,
ఆ గల్లీకైతే అసలే రానన్నడు.

నూట పన్నెండో పేజీ.
వాన. వాన నడుమ పూలు. ఎట్లని మేం అడగలే.
వాడు వంగి ఆమె చెంప దగ్గర వేలు పెట్టి
ఏదో అంటడు.
ఆ ఒక్క బుడగకు మూడు రోజులు పట్టింది.
ఆఖరికి రుఖయ్య వాళ్లన్న షాయరీ నోట్‌బుక్ ఎత్తుకొచ్చింది.
"నీ కోసం ఏడు ఆకాశాలు దిగొచ్చిన, ఎనిమిదోది నువ్వే."
రాసినంక ఇద్దరం మాట్లాడలే.
ట్యాంకు పొంగింది, కిందినుంచి తిట్లు వచ్చినయి.

ఈ ఏడు మెట్రోల రాయదుర్గం పోయొచ్చుకుంట
ఫోన్ల ఆ అక్షరాలు నేర్సుకున్న.
మొన్న అట్ట ఊడిన గాలిరాజును బ్యాగుల పెట్టుకొని ఎక్కిన.
ముందుగాల దొరికింది టోపీ పెట్టుకున్న సున్న.
అది "హ" అట.
మేం పిడుగులనుకున్నయి, కత్తుల సప్పుడనుకున్నయి
పేజీ నిండా హ హ హ హ హ.
శాపం పెడుతున్నదని ఇన్నేండ్లు భయపడ్డ ముసలామె
కోడిని సూసి నవ్వుతున్నది.

అమీర్‌పేట తోపులాటల నూట పన్నెండు.
కూడబలుక్కొని సదివిన:
"చెంపకు మెతుకంటింది."

గంతే.
ఏడు ఆకాశాలు లేవు. ఎనిమిదోది అసలే లేదు.
అంత వాన, అన్ని పూలు, ఎగిరే ఆ జుట్టు
ఒక్క అన్నం మెతుకు కోసం.
నేను నవ్విన తీరుకు
పక్కనామె తన సంచి దగ్గరికి లాక్కున్నది.

ఫొటో తీసి రుఖయ్యకు పంపిన.
నిజామాబాద్‌ల మందుల దుకాణం సూసుకుంటది ఇప్పుడు.
"మనదే మంచిగుండె" అని వచ్చింది.
ఇంకొంచెం సేపటికి, "ఆగు. మెతుకే మంచిగుంది."
రాత్రి పదకొండుకు మల్ల:
"ఇంతకీ కోడెందుకైతడే?"

తెల్వదని రాయబుద్ధి కాలే.
ఆదివారం రా అన్న,
బస్సు పైసలు వేరే తెచ్చుకో అన్న.