ఐదు వందల అక్షరాలు

కొత్త పటం ఆన్‌లైన్ల పెట్టిన్రట.
ముప్పై దినాల గడువు.
"అభ్యంతరాలు ఉన్నచో తెలుపగలరు"
కింద ఒక తెల్ల డబ్బా,
ఐదు వందల అక్షరాలకు జాగ.

కోరుట్ల బస్టాండు ఎనుక నా నెట్ సెంటర్.
రెండు కంప్యూటర్లు,
ఒకటి నడుస్తది, ఒకటి నడిచినట్టు చేస్తది.
పొద్దుగాల షట్టర్ లేపేసరికి
రంగులోళ్ల గల్లి మొత్తం మెట్ల మీద కూసున్నది.

పటంల మా ఊరు ఊరు లెక్క లేదు.
పసుపు మరక, ఆకుపచ్చ మరక,
నడుమ ఎర్రగీత, అరవై ఫీట్ల రోడ్డు.
"జర దగ్గరికి గుంజు బిడ్డా" అంటది లసుంబాయి.
మౌస్ తిప్పుత. గల్లి ఉబ్బుతది, మసకైతది.
తునికాకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి అరిగిన వేలు
గీత ఎంబడి నడిచి నడిచి
ఒక్కకాడ ఆగింది.
"గిదే నా పొయ్యి."

ఇగ మొదలువెట్టింది.
మామ కట్టిన మట్టిగోడ కాడికెళ్లి
నిరుడు ఏసిన రేకుల దాక,
మొగడు సచ్చిన పొద్దు పీనుగను పండవెట్టిన జాగ దాక.
నేను కొడుతున్న. డబ్బా నిండింది.
ఆమె కథల ఇంకా పెద్దబిడ్డ పుట్టనే లేదు.
గోడ తీసేసిన. మామను తీసేసిన.
పీనుగను తియ్యబుద్ధి గాలే.
"అయ్యిందా?" అన్నది.
అయ్యిందన్న.

ఆమె మాట మంచిగున్నదని
అందరు గదే కొట్టుమన్నరు.
రెండో మనిషికే మిషన్ అడ్డం తిరిగింది:
"ఈ అభ్యంతరం ఇదివరకే నమోదైంది."
షాహెదా బేగం పకపక నవ్వింది,
"ఒక్క నొప్పి ఒక్కలికే నొయ్యాల్నా?"

ఇగ ఎవలి మాట వాళ్లే ఎతుక్కోవాలె.
ఎప్పుడు కౌన్సిలర్ ఎనుక నిలవడి తలకాయలూపినోళ్లు
మెట్ల మీద గునుక్కుంట కూసున్నరు
పరీక్షకు పోయే పోరగాండ్ల లెక్క.
ఒకాయన బోరింగు ముచ్చట చెప్పిండు.
లగ్గమైనకాడికెళ్లి గడప దాటని ఒకామె
ఏ పూట ఎండ ఏ గోడ మీదికొస్తదో చెప్పింది.
ఏ కాయితం లేని లింబాద్రి
"నేనున్న" అని రాయుమన్నడు, అంతే.
రాజవ్వ ఓటీపీ మస్కట్ల మోగింది.
మొగడు డ్యూటీల ఉన్నడు, పది నిమిషాల్ల అది మురిగింది.
మల్ల పంపినం. మల్ల మురిగింది.
మూడోసారి క్రేన్ మీదికెళ్లి
ఆరు అంకెలు ఒర్రిండు, గాలి సప్పుడుల.
అందుల ఒకటి ఏడో తొమ్మిదో
ఇప్పటికి నాకు అనుమానమే. కని పట్టింది.

"ఇయ్యన్ని ఎవలన్న సదువుతరా?"
మెట్ల మీదికెళ్లి ఎవలో అడిగిన్రు.
నాకెర్క లేదు.
డబ్బాకు అటుపక్క ఒక క్లర్కు ఉండొచ్చు,
ఉత్త కూలరు తిరుగుతుండొచ్చు.
నూటపన్నెండు రసీదులు, నూటపన్నెండు నంబర్లు.
లసుంబాయి తన నంబరు నోటికి పట్టింది,
పొద్దుమీకి చాటల కట్టలు లెక్కవెట్టినంక
అదొకసారి అనుకుంటది.

ఆఖరి రాత్రి. పదకొండు యాభై.
షట్టర్ సగం దించి కూసున్న.
ఎర్రగీత నా సెంటర్‌ను ముట్టదు,
ఒరుసుకుంట పోతది.
రోడ్డొస్తే ఈ రేకుల డబ్బా మెయిన్‌రోడ్డు దుకాణం,
జాగ ధర మూడింతలు.
ఇన్ని దినాలల్ల ఈ మాట నన్నెవ్వలడగలే.
నేను చెప్పలే.

కర్సర్ మిణుకుతున్నది.
గల్లి గల్లి మాటలు కొట్టిన వేళ్లు
నా వంతు వచ్చేసరికి మొద్దువారినయ్.
యాభై ఏడుకు కొట్టిన:
"రోడ్డు పడితే నాకు లాభమే. అయినా అభ్యంతరం."
ఇంకా నాలుగువందల అరవై అక్షరాలు మిగిలినయని చూపెట్టింది.
ఉండనియ్యి.

రసీదు ప్రింటు తీసి
పది రూపాయలు
నా గల్లాల నేనే ఏసుకున్న.